నేను అడిగిన గోడ

మార్చి 4

ఎంపికయ్యాం.

ఫోను వచ్చినప్పుడు నేను బస్టాండులో విచారణ కౌంటర్లో ఉన్నాను. అవతల అమ్మాయి, మీ ఇంటిని కొత్తగా మార్చబోతున్నాం, మీకెలా అనిపిస్తోంది అని అడిగింది. ఇవతల ఒక పెద్దాయన తన బస్సు ఎక్కడ ఆగుతుందని అడుగుతున్నాడు. ఇద్దరికీ కలిపి "అయ్యో, నమ్మలేకపోతున్నానండీ" అన్నాను. పెద్దాయన నా మొహం కాసేపు చూసి పక్క కౌంటరుకు వెళ్ళిపోయాడు.

వారం వారం ఆ టీవీ వాళ్ళు ఒక పాతబడ్డ ఇంటిని తీసుకుని తళతళలాడించి ఇస్తారు. ఇంటివాళ్ళు తలుపు తెరిచి ఏడుస్తారు. చూసేవాళ్ళు కూడా ఏడుస్తారు. నేనైతే చేతిలో గరిటె పట్టుకునే ఏడ్చేదాన్ని. ఇకనుంచి నన్ను చూసి మిగతావాళ్ళు ఏడుస్తారు.

రేపు నేను పేరున్న మనిషినయ్యాక ఈ డైరీ ఎవరైనా చదవచ్చు. చదివేవాళ్ళకు మనుషులు తెలియాలి కదా, కాస్త రాసి పెడతాను. మా ఆయన సరుకుల ఆటో నడుపుతాడు. పిల్ల తొమ్మిదో తరగతి. అత్తయ్యకు నిరుడు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ పోయాయి. కాలు కొంత వచ్చింది, వాకరు పట్టుకుని గదిలో తిరుగుతుంది. మాట కూడా వస్తోంది, చిన్న చిన్న మాటలు. పక్కింట్లో గుండీలక్క. చొక్కాల కంపెనీ నుంచి మూటలు తెచ్చుకుని ఇంట్లోనే గుండీలు కుడుతుంది. ఒంటరిది.

మా ఇల్లూ ఆవిడ ఇల్లూ ఒకప్పుడు ఒకటే. ఎవరో అన్నదమ్ములు పంచుకుని నడుమ గోడ లేపారు. లేపినవాళ్ళు పూర్తిగా లేపకుండా గాలి కోసం ఒక కిటికీ వదిలారు. రెక్కల్లేవు, ఊచల్లేవు. దానికి ఇటు అత్తయ్య మంచం, అటు గుండీలక్క కుర్చీ.

దరఖాస్తు వీడియో తీసి పంపింది కూడా గుండీలక్కే. అందులో ఆవిడ కనపడదు. అత్తయ్య భుజం పట్టుకున్న చెయ్యి మాత్రం కనిపిస్తుంది.

మార్చి 9

టీవీ వాళ్ళు చూడ్డానికి వచ్చారు. నిన్నంతా ఇల్లు కడిగి, తుడిచి, సర్ది నడుము పడిపోయింది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న అమ్మాయి లోపలికి వస్తూనే మొహం మాడ్చుకుంది. ఇంత శుభ్రంగా ఉంటే ఎలాగండీ, రోజూ ఎలా ఉంటుందో అలా పెట్టండి అంది. రోజూ ఎలా ఉంటుందో అలా పెట్టాను. చాల్లేదు. ఇంకాస్త అంది. అప్పుడు పిల్ల, మా ఆయన, నేను కలిసి ఉతికిన బట్టలు మంచం మీద కుమ్మరించాం. ఇల్లు చెడగొట్టడంలో మాకింత నైపుణ్యం ఉందని నాకే తెలియదు.

సందులోవాళ్ళందరినీ వీధి చివరికి తీసుకెళ్ళి, తలుపు తెరిచే రోజున ఎలా కేకలు వేయాలో నేర్పించారు. గుండీలక్క గొంతు అందరికంటే పైన వినిపించింది.

నన్ను కెమెరా ముందు కూర్చోబెట్టి ఇంట్లో పెద్ద ఇబ్బంది ఏమిటని అడిగారు. కప్పు కారుతుందని చెప్పాను. అది అందరూ చెప్తారండీ అన్నారు. బాత్రూంలో అత్తయ్య పట్టుకోవడానికి ఏమీ లేదని చెప్పాను. తలూపారు. మొహాల్లో కళ లేదు. పరీక్షలో రాయలేని పిల్లలా ఒళ్ళంతా చెమట పట్టింది. చటుక్కున కిటికీ గుర్తొచ్చింది.

"మా ఇంట్లో ఎవరైనా తుమ్మితే పక్కింటి నుంచి దీవెన వస్తుందండీ. నేనూ మా ఆయనా కూర గురించి పోట్లాడుకుంటే తీర్పు అవతలి నుంచి వస్తుంది" అన్నాను. కెమెరా పట్టుకున్నతను కిసుక్కున నవ్వాడు. అంతే. నా మాటలకు ఎవరైనా నవ్వితే నాకు ఒళ్ళు తెలియదు. ఆపడానికి మీట లేని రేడియో అన్నాను. మొగుడితో గుసగుసలాడాలన్నా సినిమాహాలుకు పోవాలి అన్నాను. ఆఖరికి చేతులు జోడించి, "మేడలొద్దు, మిద్దెలొద్దు, నాకు ఒక్క గోడ ఇప్పించండి చాలు" అన్నాను.

హెడ్‌ఫోన్ల అమ్మాయి బొటనవేలు పైకెత్తింది. నాలో ఇంత హాస్యం ఉందని మా ఆయనకు పెళ్ళయిన ఇన్నేళ్ళలో తెలియలేదు.

మార్చి 16

లాడ్జిలో పెట్టారు. ఇల్లు అయ్యేదాకా ఇక్కడే. తువ్వాళ్ళు రోజూ మారుస్తారు. అత్తయ్య గోడ వైపు తిరిగి పడుకుంటోంది.

మార్చి 19

ఇవాళ అత్తయ్య "నల్లది" అంది. ఏది నల్లదని అడిగితే గోడ చూపించింది. ఆ గోడ తెల్లది. కొత్త చోటు కదా, కంగారు.

అది గుండీలక్క ఆట అని పిల్ల చెప్పింది. సూదిలోకి ఏ రంగు దారం ఎక్కించమంటారు పిన్నిగారూ అని అడుగుతుందట, అత్తయ్య రంగు పేరు చెప్పేదాకా కుట్టదట. అత్తయ్యకు మొట్టమొదట వచ్చిన మాట అదేనట. నేను డ్యూటీలో ఉంటాను కాబట్టి నాకు తెలియదు.

మార్చి 24

తలుపు తెరిచాం. నాలుగుసార్లు తెరిచాం.

మొదటిసారి నేను ఏడ్వకుండా నోరు తెరుచుకుని నిలబడిపోయానట. రెండోసారి బాగా ఏడ్చాను, ఎవరో అడ్డం వచ్చారు. మూడోసారి ఎండకే కళ్ళు నీళ్ళు కారాయి. నాలుగోసారి దిగులుతో ఏడ్చాను, ఇక అయిపోతుందో లేదో అని. అదే తీసుకున్నారు.

సందు జనం నాలుగుసార్లూ కేకలు వేశారు. పాపం, టీవీ వాళ్ళు వీళ్ళ ఇళ్ళ ముందు సామాన్లన్నీ ఖాళీ చేయించి, కరెంటూ నీళ్ళూ వీళ్ళ దగ్గరే తీసుకున్నారు. బదులుగా మా సందంతటికీ రంగు వేస్తామన్నారు. వేశారు కూడా, కెమెరాకు కనిపించే మేర. గుండీలక్క ఇంటి ముందు గోడ మా వైపు సగం గులాబీ రంగు, అవతలి సగం పాత సున్నం. మధ్యలో గీత గీసినట్టు ఆగిపోయింది. పైన పటారం లోన లొటారం అంటారు. ఇక్కడ పైనే సగం పటారం.

బాత్రూం మాత్రం నిజంగా బాగుంది. పట్టుకోవడానికి కడ్డీలు, కూర్చుని స్నానం చేయడానికి పీట. కప్పు కారదట.

ఇక గోడ. కిటికీ ఉన్న జాడ లేదు. మెత్తటి పలకలు, పైన చెక్క అరలు, అరల్లో చిన్న దీపాలు. డిజైనరు వేలితో కొట్టి చూపించాడు, అవతలికి చీమ చిటుక్కుమన్నా వినపడదని. నేను చప్పట్లు కొట్టాను. అత్తయ్య వాకరు తోసుకుంటూ వెళ్ళి గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. కెమెరా దగ్గరికి తెచ్చి అదంతా తీశారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఎంత సంతోషమో.

షూటింగ్ అయ్యాక గుండీలక్కను లోపలికి రానిచ్చారు. ఇల్లంతా చూసింది. గోడ దగ్గర కాసేపు ఆగింది. "బాగుంది. చప్పుడు రాదు కదూ" అని వెళ్ళిపోయింది. ఆవిడకూ నచ్చింది.

ఏప్రిల్ 2

చూడ్డానికి వచ్చేవాళ్ళతో ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. నేను ఒక్కో దీపం వెలిగిస్తూ వివరిస్తున్నాను. బస్టాండులో ఇంత ఓపికగా ఎవరికీ ఏదీ చెప్పి ఎరగను.

అత్తయ్య చాలా ప్రశాంతంగా ఉంది. మంచం పక్కన గంట మీట పెట్టారు, నొక్కితే వంటింట్లో మోగుతుంది. కానీ నొక్కదు. ఏమీ అడగదు. టీవీ చూస్తూ కూర్చుంటుంది.

ఏప్రిల్ 8

బాత్రూం నిజంగా బాగుంది.

ఏప్రిల్ 11

గుండీలక్క రెండు మధ్యాహ్నాలు చొక్కాల మూట చంకన పెట్టుకుని వీధి గుమ్మం నుంచి వచ్చి అత్తయ్య దగ్గర కూర్చుందట. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి టీవీ వాళ్ళు పరిచిన కొత్త తివాచీ నిండా దారం ముక్కలు. అబ్బే, ఏమీ అనలేదు. ఊరికే నవ్వుతూ, "అక్కా, ఈ తివాచీకి దారాలు అంటుకుంటే ఊడి రావట" అన్నాను. ఆవిడ వంగి ఒక్కొక్కటీ ఏరింది. నేను వద్దు వద్దు అంటూనే చెత్తబుట్ట తెచ్చి ఇచ్చాను.

మళ్ళీ రాలేదు. పని ఎక్కువై ఉంటుంది.

ఏప్రిల్ 20

టీవీలో మా భాగం వచ్చింది. సందులోవాళ్ళందరినీ నేనే పిలిచాను. తివాచీ మీద కాగితాలు పరిచి కూర్చోబెట్టాను. గుండీలక్క తలుపు పక్కన నిలబడింది. ఎంత చెప్పినా కూర్చోలేదు.

మొదట మా సందు చూపించారు. "వెలుగు చూడని ఇరుకు సందు" అని ఒక గంభీరమైన గొంతు చెప్పింది. షూటింగ్ రోజు టీవీ వాళ్ళు వేరేవాళ్ళ చెత్త డబ్బా మా మలుపులో ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమైంది. సైకిళ్ళు బాగుచేసే ఆయన "ఇది మన సందేనా?" అని అడిగాడు.

తర్వాత నేను వచ్చాను. తుమ్ము, దీవెన, కూర, తీర్పు. ఒక్క ముక్క కూడా తీసేయలేదు. కప్పు గురించి చెప్పింది మాత్రం తీసేశారు. రేడియో అనగానే గుండీలక్క మొహం తెరంత చూపించారు, ఆ రోజు వీధి చివర కేకలు వేస్తున్నప్పటిది, నోరు బార్లా తెరిచి. వెనక టింగుటింగుమని ఏదో సంగీతం. జనం మొదట నవ్వారు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు ఆపేశారు. నేను టీవీలో చేతులు జోడించి ఒక్క గోడ ఇప్పించండి అంటున్నాను. ఆ జోడించిన చేతులు చూస్తే నాకే లాగి ఒకటివ్వాలనిపించింది.

గుండీలక్క చివరిదాకా చూసింది. "నేను అంత గట్టిగా మాట్లాడతానా" అంది, ఎవరినీ అడిగినట్టు కాదు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

అత్తయ్య నా వైపు చూసింది. నేను లేచి కాగితాలు ఏరాను.

ఏప్రిల్ 21

అంతా ఎడిటింగ్. నేను చాలా మంచి విషయాలు కూడా చెప్పాను, తీసేశారు.

ఏం చెప్పానో గుర్తు రావడం లేదు.

ఏప్రిల్ 22

ఎడిటింగే.

ఏప్రిల్ 29

కుళాయి దగ్గర నేను వెళ్ళగానే మాటలు ఆగిపోతున్నాయి. సైకిళ్ళాయన నన్ను "టీవీ అమ్మగారు" అంటున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోకూడదని మామూలుగానే నడిచాను. మామూలుగా నడవడం ఎలాగో మర్చిపోయాను, చూసినవాళ్ళకు కాలు బెణికిందేమో అనిపించి ఉంటుంది.

మా ఆయన ఆటో పెట్టుకునే చోట టీవీ వాళ్ళు సిమెంటు తొట్లలో మొక్కలు పెట్టారు. ఆటో ఇప్పుడు సైకిళ్ళాయన గుమ్మం ముందు ఉంటోంది. ఆయనకు నా మీద కోపం ఉండడంలో తప్పేమీ లేదు.

మే 6

అత్తయ్యను ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మాటలు నేర్పే డాక్టరమ్మ ఎప్పటిలాగే బొమ్మలు చూపించింది. తాళం, చెంచా, గొడుగు. చలికాలంలో వచ్చినప్పుడు అత్తయ్య టకటకా కాకపోయినా ఆగి ఆగి అన్నీ చెప్పింది. ఇవాళ తాళం దగ్గరే ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. గొడుగు బొమ్మ చూపిస్తే తల తిప్పేసుకుంది.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి ఇంట్లో ఏం మారిందని అడిగింది. ఇల్లే మారిందండీ, టీవీలో చూశారా అన్నాను. చూశానని చెబుతుందేమోనని ఆ స్థితిలో కూడా ఎదురుచూశాను. అది రాసి పెట్టుకోవాలి. నా బతుక్కి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

"రోజంతా ఆవిడతో మాట్లాడేది ఎవరు?" అని అడిగింది.

గంట మీట ఉందండీ, నొక్కితే ఎవరో ఒకరం వెళతాం అన్నాను.

"గంట మాట్లాడదు కదమ్మా. మాట వాడకపోతే పోతుంది. ఇలాగే వదిలేస్తే వచ్చినవి కూడా మిగలవు" అంది.

తిరిగి వస్తుంటే ఆటోలో మా ఆయన, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, అది మన ఇంట్లో నిజంగా జరిగింది అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. కళ్ళు తుడుచుకుంటున్నాడు. వాళ్ళమ్మ వెనక, సరుకుల చోట పరిచిన పరుపు మీద, పిల్ల భుజం మీద తల పెట్టుకుని కూర్చుంది, విందో లేదో.

ప్రశాంతంగా ఉందని రాసుకున్నాను. నా చేత్తోనే.

మే 8

నేనే మాట్లాడదామని సెలవు పెట్టి కూర్చున్నాను.

అన్నం తిన్నారా అన్నాను. నేనే పెట్టాను కదా. పడుకుంటారా అన్నాను. ఇప్పుడే లేచింది. ఎండ మండిపోతోంది అన్నాను. కిటికీ లేదు, ఎండ ఎక్కడుందో ఆవిడకేం తెలుసు. బస్టాండు సంగతులు చెప్పబోతే ఎక్కడ మొదలుపెట్టినా ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో దగ్గరే తేలుతున్నాను. అత్తయ్య మర్యాదగా విన్నది. చివరికి తనే రిమోటు తీసి టీవీ పెట్టింది. మాట రాని మనిషి నాతో విసుగెత్తి టీవీ పెట్టుకుంది.

గుండీలక్క రోజంతా ఏం మాట్లాడేది? ఎవరి పెళ్ళి ఎక్కడ చెడింది, ఏ చొక్కాకు గుండీ వంకరగా వచ్చింది, నిన్న కల్లో ఏం వచ్చింది. పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదని నేను ఎన్నిసార్లు నవ్వానో.

మే 12

పలకలు పీకించి కిటికీ తెరిపిద్దామని మా ఆయన అన్నాడు. టీవీ వాళ్ళు మళ్ళీ వచ్చి షూటింగ్ చేసుకునేదాకా దేన్నీ ముట్టుకోకూడదని మేం సంతకం పెట్టాం. ఏమైనా కానీ అన్నాడు. ముందు నేను వెళ్ళి గుండీలక్కతో చెప్తానన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి వెళుతున్నానని తెలుసు. ఆకులైనా దొరకాలి కదా.

ఆవిడ కుర్చీ ఇప్పుడు గోడ దగ్గర లేదు. వీధి అరుగు మీద కూర్చుని కుడుతోంది. కిటికీ మళ్ళీ తెరిపిస్తాం అక్కా అన్నాను. తలెత్తలేదు. చేతిలో ఉన్న చొక్కాతో అన్నట్టుగా, "కన్నం తెరిస్తే అవతల మనిషి ఉంటుందని ఎవరు చెప్పారో" అంది.

ఇంటికొచ్చి మా ఆయనకు ఆలోచిస్తానందని చెప్పాను.

మే 19

మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చేసరికి మంచం ఖాళీ. బాత్రూంలో లేదు. వాకరు లేదు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ అత్తయ్య ఆసుపత్రికి, ఆ లాడ్జికి తప్ప గడప దాటలేదు. అదీ మేమిద్దరం చెరో పక్కా పట్టుకుంటేనే.

అరుస్తూ వీధిలోకి పరుగెత్తాను. అరవాల్సిన పని లేకపోయింది. గుండీలక్క అరుగు మీద, సగం గులాబీ గోడకు ఆనుకుని అత్తయ్య కూర్చుని ఉంది. చీర అంచుకు దుమ్ము, మొహమంతా చెమట. వాకరు మెట్టుకు అడ్డంగా పడి ఉంది. ఆ మెట్టు ఎలా ఎక్కిందో ఇప్పటికీ తెలియదు. గుండీలక్క పక్కనే కూర్చుని కుడుతోంది.

నేను నోరు తెరవబోయాను. గుండీలక్క నా వైపు చూడకుండానే, "పిన్నిగారూ, మీ కోడలితో చెప్పండి. చెప్పుల్లేకుండా వచ్చారు, కాళ్ళు కాలాయని" అంది.

నేను చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాను. అత్తయ్య ఆవిడను చూసింది, నన్ను చూసింది. గుండీలక్క సూది పైకెత్తి అలాగే పట్టుకుంది. దించలేదు.

"కా... కాళ్ళు," అంది అత్తయ్య. "కాలాయి."

చాలా రోజుల తర్వాత విన్న మాట. నేను "అక్కా" అన్నాను. "ఎవరో పిలుస్తున్నట్టున్నారు పిన్నిగారూ, నాకు సరిగ్గా వినపడదు, నేను గట్టిగా మాట్లాడే మనిషిని" అంది గుండీలక్క. అత్తయ్య నా వైపు తిరిగి, "నువ్వు... వెళ్ళు" అంది. అది ఎవరూ చెప్పమనలేదు, సొంతంగానే అంది.

వెళ్ళాను. ఇంట్లోకి వచ్చి కూర్చుని ఏడ్చాను. ఈసారి ఒక్కసారికే బాగా వచ్చింది.

మే 27

రోజూ పొద్దున్న అత్తయ్యను అరుగు దాకా నడిపించి, సాయంత్రం తీసుకొస్తున్నాను. నన్ను కూర్చోమనరు. మెట్టు దిగువనే ఉంటాను. గుండీలక్కకూ నాకూ మాటల్లేవు. ఏదున్నా అత్తయ్య ద్వారానే.

"మందు తెచ్చిందేమో అడగండి పిన్నిగారూ." అత్తయ్య అడుగుతుంది. తెచ్చానని నేను అంటాను. ఆ ముక్క ఆవిడ చెవిన పడినా, అత్తయ్య తిప్పి చెప్పేదాకా పడనట్టే. నిన్న పొడుగు మాట ఒకటి వచ్చింది, "నిన్న పెట్టిన కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పండి" అని. అత్తయ్య దానితో కుస్తీ పట్టి పట్టి చివరికి, "ఉప్పు," అని నా వైపు వేలు చూపించింది. చాలదంది గుండీలక్క. మళ్ళీ మొదలుపెట్టింది అత్తయ్య. అలా నా వంటను ఒక్కో అక్షరం చొప్పున తిట్టించుకుంటూ మెట్టు దిగువన నిలబడ్డాను. సైకిళ్ళాయన పని మానేసి చూస్తున్నాడు.

జూన్ 8

టీవీ వాళ్ళు మళ్ళీ వచ్చారు, ఇల్లు మారాక జీవితం ఎలా మారిందో తీయడానికి. హెడ్‌ఫోన్ల అమ్మాయికి అత్తయ్య తన గదిలో దీపాల కింద కూర్చుని కావాలి. పక్కింటి అరుగు మీద ఉందన్నాను. కెమెరా అటు తిప్పి చూశారు. ఆ సగం గోడ బాగోలేదు, రంగు డబ్బా ఉంది, మిగతాది కూడా కొట్టేస్తాం అన్నారు. నాకు ప్రాణం లేచివచ్చింది. పరుగున వెళ్ళి అత్తయ్యతో చెప్పాను, అక్కను అడగమని.

గుండీలక్క దారం తెంపింది. "వద్దని చెప్పండి పిన్నిగారూ. వాళ్ళు ఎంత పని చేశారో వచ్చేపోయేవాళ్ళకు తెలియాలిగా."

"వద్దు," అంది అత్తయ్య. కాసేపాగి, "తెలియాలి" అంది.

ఇంట్లోకి రమ్మని హెడ్‌ఫోన్ల అమ్మాయి ఎంత బతిమాలినా అత్తయ్య "రాను" అంది. అది మాత్రం తడబడకుండా వచ్చింది. చేసేది లేక నన్నొక్కదాన్నే కూర్చోబెట్టారు. జీవితం మారిపోయిందని చెప్పమన్నారు. బాత్రూం బాగుంది, కప్పు కారడం లేదు, ఈ రెంటికీ మీకు దండం పెడతాను, నేను అడిగిన గోడ మాత్రం మా అత్తయ్య మాట తీసుకుపోయింది, అడిగిన బుద్ధి నాది అన్నాను. ఆ చివరి ముక్క అవసరం లేదండీ అన్నారు. ఉంచమని అడిగాను. చూస్తామన్నారు. ఎలా చూస్తారో నాకు తెలుసు.

వాళ్ళు వెళ్ళగానే మా ఆయన సుత్తి తీసుకొచ్చాడు. ఇక అడ్డేముంది, కిటికీ తీస్తానన్నాడు. అత్తయ్యే వద్దంది. అరుగు వైపు చూపించింది. నడిచి వెళ్ళాలట.

జూన్ 15

డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. తాళం, చెంచా, గొడుగు, అన్నీ వచ్చాయి, రెండు మూడు మాటలు కలిపి కూడా అంటోంది. ఇంట్లో ఏం చేయిస్తున్నారని అడిగింది. పక్కింటావిడకూ నాకూ మాటల్లేవండీ అన్నాను. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తొందరపడి రాజీ పడకండి అంది.

నవ్వొచ్చింది. కానీ ఇంటికి వస్తుంటే దిగులేసింది. గుండీలక్క అడ్డం పెట్టుకున్న కోపం ఉత్తి ఆట కాదు. నన్ను చూసినప్పుడల్లా మొహం ఎలా గట్టిపడుతుందో నేను చూస్తున్నాను. అత్తయ్యకు మందు దొరికింది. మరి ఆవిడ సంగతో?

జూన్ 22

సెలవు. పొద్దున్న అత్తయ్యను దింపి వెనక్కు రాలేదు. పిలవకపోయినా మెట్టు మీద కూర్చున్నాను.

"అత్తయ్యా, అక్కతో చెప్పండి" అన్నాను. "టీవీలో నేను అన్నది ఎడిటింగ్ కాదు. నోరు జారీ కాదు. ఎవడో నవ్వాడని అన్నాను, ఇంకా నవ్వుతాడని ఇంకా అన్నాను. మనల్ని అక్కున చేర్చుకున్న మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేశాను. దారం ముక్కలు ఏరుతుంటే బుట్ట తెచ్చి ఇచ్చాను. నాకు సిగ్గుగా ఉందని చెప్పండి."

సూది ఆగింది. అత్తయ్య పెదవులు కదిలాయి. అంత పొడుగు మాట ఆవిడకు ఎక్కడ పడుతుంది? మెడ నరాలు ఉబ్బాయి. నేను ఇక వద్దు అనబోతుంటే అంది, "దీనికి... బుద్ధి... వచ్చింది."

గుండీలక్క చొక్కా ఒళ్ళో పెట్టుకుంది. మాట్లాడినప్పుడు గొంతు ఎంత చిన్నదిగా ఉందంటే నేను ముందుకు వంగి వినాల్సి వచ్చింది.

"చెప్పండి పిన్నిగారూ. మా ఆయన పోయాక ఆ ఇంట్లో నేను నోరు తెరిచి మాట్లాడింది ఆ కిటికీలోంచే. మీకు మాటలు నేర్పుతున్నానని అందరూ మెచ్చుకున్నారు. నాకు వినే మనిషి దొరికిందని ఎవరికీ తెలియదు. ఆ టీవీ చూసి వచ్చాక ఎన్నో రోజులు నోరు మూసుకుని కుట్టాను. గట్టిగా దగ్గాలన్నా భయమేసింది. అది చెప్పండి. నా మనసు విరిగిపోయిందని చెప్పండి. జన్మలో మర్చిపోనని చెప్పండి."

నాకు తలెత్తి చూసే మొహం లేదు. అత్తయ్య మాత్రం ఆవిడనే చూస్తూ ఉండిపోయింది. మంచి చెయ్యి చాపి ఆవిడ మోకాలి మీద వేసింది. ఆ తర్వాత నా వైపు తిరిగింది. జన్మలో మర్చిపోనన్న మాట వినడానికి ఒళ్ళు బిగబట్టుకున్నాను.

"నిన్ను," అంది అత్తయ్య. "రోజూ... కూర్చోమంది."

గుండీలక్క ఉలిక్కిపడింది. "నేను అలా అన్లేదు పిన్నిగారూ."

"అన్నావు," అంది అత్తయ్య.

గుండీలక్క ఒళ్ళో చొక్కా తీసుకుని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. నేను లేవలేదు. లేవమని ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం భోజనాల దాకా అక్కడే కూర్చున్నాను. రేపు పొద్దున్న డ్యూటీ, పక్క కౌంటరు అమ్మాయితో మార్చుకోవాలి.